అల్లుడి ఎండాకాలపు దిగులు గురించి పెద్దమ్మ రాసే ఉత్తరం

అమ్మాయీ,

ఏటా ఉగాది దాటగానే అల్లుడు మాట తగ్గించేస్తాడని, అన్నం సయించదని, రాత్రంతా మేలుకొని చిరాకు పడతాడని, తొలకరి పడ్డాక మళ్లీ మామూలు మనిషవుతాడని చెప్పావు. అది పొగరు కాదమ్మా, సోమరితనం అంతకన్నా కాదు. కాలంతో పాటు వచ్చే డిప్రెషన్. చలిదేశాల్లో ఎండపొడ తగ్గినప్పుడు వచ్చేదే ఎక్కువ. వాళ్లకు అతినిద్ర, తిండి మీద యావ. ఎండాకాలంలో వచ్చేవాళ్లకు నిద్ర, ఆకలి రెండూ పోతాయి. మీ పెద్దనాయనది ఈ రకమే. ఫోన్లో చూసి ఎవరైనా పొద్దున్నే వెలుతురు పెట్టె (బాగా కాంతినిచ్చే దీపాల పెట్టె) ముందు కూర్చోబెట్టమంటే వినకు, అది చలికాలం వాళ్ల వైద్యం.

నువ్వు ముందు నిద్ర సంగతి చూడు. కర్నూలు మిద్దెలు అర్ధరాత్రి దాకా సెగ కక్కుతుంటాయి. పొద్దు వాలగానే మిద్దె మీద నీళ్లు చల్లించు, కూలర్ ఆయన మంచం వైపు తిప్పు. పిల్లలు గొణిగితే గొణగనీ. తెల్లారి వెలుతురు కళ్లలో పడకుండా కిటికీకి మందపాటి దుప్పటి కట్టు. తినమని బతిమాలొద్దు. రాగి అంబలిలో మజ్జిగ పోసి, ఉల్లిపాయ ముక్కతో చేతికందేచోట పెట్టి నీ పని చూసుకో. మీ పెద్దనాయన ఎవరూ చూడనప్పుడే తాగేవారు.

"నీకేం తక్కువ?" అనే మాట ఇంట్లో ఎవరినీ అననీయకు. మీ అత్తకు కూడా మెల్లగా నచ్చజెప్పు. వైశాఖం పెళ్లిళ్లకు నువ్వొక్కదానివే వెళ్లి చదివింపులు ఇచ్చిరా.

రోహిణి కార్తెలో రోళ్లు పగిలేదాకా ఆగి డాక్టర్ దగ్గరికి పరిగెత్తడం కాదు, శివరాత్రి నాటికే చూపించాలి. పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కొన్ని మందులు వాడేవాళ్లకు ఎండదెబ్బ తొందరగా తగులుతుంది. మందులు రాసేటప్పుడే ఆ సంగతి అడుగు. వానలు పడి మనిషి తేరుకున్నాడని మందులు మీ అంతట మీరే ఆపేయకండి.

ఇంకొకటి, ఇది చాలా ముఖ్యం. "నేను లేకపోతేనే నయం" లాంటి మాట వస్తే దాటేయకు. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడుగు. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. అవునంటే ఒంటరిగా వదలకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లు. చేనుకు తెచ్చిన పురుగుమందు డబ్బాలు ఈ వారమే ఇంట్లోంచి తీయించు. 14416 టెలీ మానస్ నంబరు, మనసు బాగోలేనివాళ్లకు సర్కారు పెట్టిన ఫోను సాయం, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు. నీకు గుండె బరువెక్కినా దానికే చెయ్యి.

బడికి సెలవులిచ్చిన మర్నాడే పిల్లల్ని అనంతపురం బస్సెక్కించు. కండక్టర్‌కు చెప్పి నాకు ఫోన్ చేస్తే చాలు, బస్టాండుకు నేనే వస్తా.

మీ పెద్దమ్మ