ముందు ఒక్క గోడ పూర్తి చెయ్యండి

చిరంజీవి కోడలు పిల్లకు,

మీ కాలేజీ ప్రాజెక్టు ఆటకని నువ్వు పంపిన టెక్స్చర్ల (ఆటలో వస్తువుల మీద అతికించే బొమ్మల) లిస్టు చూశాను. గోడలే నాలుగు రకాలు, నేలలు అయిదు, ఆపైన దూలాలు, తెరలు, కుండలు, గొలుసులు. మీరేమో అయిదుగురు. చేతిలో ఒక్క సెమిస్టరు, అందులో మిడ్ పరీక్షలు పోవాలి. మా స్టూడియోలో కొత్తగా చేరిన పిల్లలకు చెప్పేదే నీకూ చెప్తున్నా: లిస్టు పక్కన పెట్టి ఒక్క గోడ పూర్తి చెయ్యండి. ఫోటో తీయడం మొదలు గేమ్ ఇంజిన్ యూనిటీలో వెలుగు పెట్టి, ఆటలో కెమెరా ఎంత దూరంలో ఉంటుందో అంత దూరం నుంచి చూసి, అయిదుగురూ సరే అనేదాకా. ఆ గోడ దగ్గర తేల్చుకున్నవే తక్కిన వాటికి రూలు. స్టూడెంట్ల ఆటలు టెక్స్చర్లు తక్కువై చెడవు. ఒకరు చేసిన గోడలో ఇసుక రేణువు కూడా కనబడుతుంది, పక్కనే ఇంకొకరు చేసిన నేల మసకమసకగా ఉంటుంది, అక్కడ చెడతాయి.

లిస్టులో మొదట కొట్టెయ్యాల్సింది చెక్క దూలాలు. మీ కథ జరిగేది చంద్రగిరి రాజమహల్లో కదా. ఆ కట్టడాన్ని రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు, కర్ర వాడలేదు. ఈ సంగతి తెలిసినవాళ్లు మన పక్క చాలామంది ఉన్నారు, డెమో రోజు తప్పకుండా అడుగుతారు. నీకూ ఒక పని తగ్గింది.

ఇక ఫోటోలు. నువ్వు పంపిన పాత మిద్దె గోడ ఫోటో మిట్టమధ్యాహ్నం తీసినట్టుంది, ప్రతి ఇటుక కిందా నల్లటి నీడ పడింది. ఆ నీడ బొమ్మలో అట్లే ఉండిపోతుంది. రేపు ఆటలో సాయంత్రం సీను పెడితే సూర్యుడు ఒక పక్క, నీడలు ఇంకో పక్క. బేస్ కలర్‌లో వస్తువు రంగు మాత్రమే ఉండాలి, వెలుగునీడల సంగతి ఇంజిన్ చూసుకుంటుంది. కాబట్టి మబ్బు పట్టిన రోజు చూసుకుని పోండి. కార్తీకంలో మనకు అట్లాంటి రోజులకు కొదవ లేదు. గోడ తడిసి ఉంటే మాత్రం గమ్మున తిరిగొచ్చెయ్యండి. తడిసిన సున్నం రంగు ముదురుతుంది, మెరుస్తుంది, ఆరినప్పుడు తీసిన ఫోటోలతో కలవదు. మబ్బు దొరక్కపోతే పొద్దున్నే పోయి, ఎండ ఇంకా తగలని పక్క తీసుకోండి. ఫోన్‌లో ప్రో మోడ్ పెట్టి ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ లాక్ చెయ్యండి. ఆటోలో వదిలేస్తే ఒక్కో ఫోటోకు ఒక్కో రంగు వస్తుంది. గోడకు నేరుగా ఎదురుగా నిలబడాలి, వైడ్ లెన్స్ వద్దు. ప్రతి గోడకూ ఒక ఫోటోలో పక్కన టేపు పట్టుకుని తీయండి, కొలత కోసం తర్వాత తల పట్టుకోనక్కర్లేదు. కోట పురావస్తు శాఖ కింద ఉంది, ట్రైపాడ్ మోసుకుపోయే ముందు అక్కడి ఆఫీసులో అడగండి. మిద్దెలయితే ఇంటివాళ్లను అడగండి, కాదనరు.

ఫోటో తీసే ముందు రవంతసేపు ఊరికే చూడు. పెచ్చు ఊడిన చోట అంచు తెల్లగా ఉండదు, లోపలి పొర ఇసుక రంగులో ఉంటుంది, దాని వెనక ఇటుక. అడుగున మోకాలెత్తు దాకా చెమ్మ ఎక్కి, ఉప్పు పొంగి, పొడి రాలుతుంటుంది. కిటికీ మూలల నుంచి వాన నీళ్లు కారిన నల్ల చారలు. అరుగు మీద కూర్చున్నవాళ్లు వీపు ఆనించే చోట గోడ నునుపుదేలి పక్కనుంచి చూస్తే మెరుస్తుంది. ఆ మెరుపును బేస్ కలర్‌లో తెల్ల రంగుతో పుయ్యకూడదు, అది రఫ్‌నెస్ మ్యాప్ (ఎక్కడ గరుకు, ఎక్కడ నునుపు అని చెప్పే బొమ్మ) చెయ్యాల్సిన పని. పిల్లలంతా రంగు మీద వారాలు పెట్టి రఫ్‌నెస్‌కు మాత్రం అదే ఫోటోను బ్లాక్ అండ్ వైట్ చేసి తగిలిస్తారు. నన్నడిగితే గోడకు ప్రాణం వచ్చేది అక్కడే. యూనిటీ అడిగేది స్మూత్‌నెస్, అంటే రఫ్‌నెస్‌కు సరిగ్గా తిరగేసినది. తలకిందులు చెయ్యకుండా పెట్టారో, పొడి రాలే గోడ నూనె పూసినట్టు తళతళలాడుతుంది. ఈ మ్యాపులకు ఎస్‌ఆర్‌జీబీ టిక్కు (ఇది రంగు బొమ్మ అని ఇంజిన్‌కు చెప్పే గుర్తు) తీసెయ్యడం కూడా మరవొద్దు. నార్మల్ మ్యాప్ (ఎత్తుపల్లాలు చెప్పే బొమ్మ) పెట్టాక ఇటుకల మధ్య సందులు లోపలికి పోకుండా బయటికి ఉబ్బినట్టుంటే ఆకుపచ్చ ఛానెల్ (బొమ్మలోని ఆకుపచ్చ రంగు పొర) తిరగబడిందని అర్థం. అన్‌రియల్ అనే ఇంకో ఇంజిన్ కోసం చేసినవాటిని యూనిటీలో పెడితే ఇట్లాగే అవుతుంది.

టైలింగ్‌కు, అంటే ఒకే బొమ్మను అతుకు కనబడకుండా పక్కపక్కన పరచడానికి, క్రిటా అనే బొమ్మల సాఫ్ట్‌వేర్ చాలు. డబ్ల్యూ నొక్కితే బొమ్మ నాలుగు పక్కలా పరుచుకుని కనబడుతుంది, అతుకులు అక్కడికక్కడే సరిచేసుకోవచ్చు. అతుకు పోయినంత మాత్రాన అయిపోలేదు. ఒక్క విరిగిన ఇటుకో, ఒక్క మరకో ఉంటే గోడ పొడవునా రెండేసి మీటర్లకు అదే కనబడి పట్టిస్తుంది. అట్లాంటి గుర్తులన్నీ తుడిచేసి, చారలు, పెచ్చులు విడిగా, పైన అతికించే స్టిక్కర్లలా, డీకల్స్‌గా చేసుకుని మీకు కావాల్సిన చోట వేసుకోండి.

సైజు గురించి మీ వాళ్లు కొట్లాడుకుంటున్నారన్నావు. అన్నీ 4కే పెడదాం అన్న అబ్బాయికి ఈ లెక్క చూపించు. 4096 కి 4096 బొమ్మ, నాలుగు ఛానెళ్లు, కంప్రెస్ చెయ్యకుండా 64 ఎంబీ. 1024 ది 4 ఎంబీ. ఫైలు చిన్నదే కదా అంటాడు. పీఎన్‌జీ డిస్కులో చిన్నగా ఉండొచ్చు, గ్రాఫిక్స్ మెమరీలోకి పోయేటప్పుడు విప్పుకుంటుంది. ఫోన్‌లో ఆడేది కాబట్టి ఏఎస్‌టీసీ కంప్రెషన్ పెట్టండి, అది మెమరీలో కూడా బొమ్మను కుదించే ఉంచుతుంది. మీటరుకు 512 పిక్సెళ్లు అని అందరూ ఒప్పుకోండి, అంటే 1024 బొమ్మ రెండు మీటర్ల గోడకు సరిపోతుంది. చదరంగం గళ్ల టెక్స్చర్ ఒకటి చేసి సీనంతా పరిచి చూస్తే ఎవరి యూవీలు (వస్తువు మీద బొమ్మ ఎక్కడ, ఎంత సైజులో పడాలో చెప్పేవి) దారి తప్పాయో వెంటనే తెలుస్తుంది.

తెరలకు శ్రీకాళహస్తి కలంకారీ అన్నావు, నాకు నచ్చింది. కానీ నెట్‌లో చీర ఫోటో కత్తిరించి అతికించొద్దు, ఆ గీత ఒకరి చేతిపని. కాళహస్తికి పోయి, గీసేవాళ్లను అడిగి, ఆటలో పేరు వేస్తామని చెప్పి, గుడ్డ పరిచి తీసుకోండి. అక్కడ నలుపు తయారయ్యేది ఇనుప ముక్కలు, బెల్లం కలిపి పులియబెట్టిన నీళ్లతో. గుడ్డనేమో కరక్కాయ, పాలలో ముంచుతారు. అందుకే అందులో అచ్చ తెలుపూ ఉండదు, కటిక నలుపూ ఉండదు. మీ ఫైల్లో చూస్తే 0 నుంచి 255 దాకా ఉండే కొలతలో నలుపు 0, తెలుపు 255. బేస్ కలర్‌లో దేన్నీ 30 కిందికీ 240 పైకీ పోనివ్వొద్దు, బొగ్గయినా సరే.

కుండలు, గొలుసులు లాంటి చిన్నాచితకా వాటికి పాలీ హేవెన్, యాంబియంట్‌సీజీ సైట్ల నుంచి దించుకోండి, సీసీ0 (ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు అనే లైసెన్సు) కాబట్టి ఏ ఇబ్బందీ లేదు. అయితే మీ గోడ పక్కన పెట్టి రంగూ కొలతా కలిపాకే ప్రాజెక్టులోకి రానివ్వండి. ప్రాజెక్టు ఫైళ్లు దాచుకునే గిట్‌హబ్ 100 ఎంబీ దాటిన ఫైలు తీసుకోదు, లేయర్లున్న క్రిటా ఫైళ్లకు ఎల్ఎఫ్ఎస్ (పెద్ద ఫైళ్లను విడిగా దాచే పద్ధతి) ఇప్పుడే పెట్టుకోండి, సబ్మిషన్ ముందు రాత్రి కాదు.

గోడ అయ్యాక బిల్డ్ పంపు. నా పాత ఫోన్‌లో వేసి చూసి చెప్తా. అందులో ఆడితే ఎవరి ఫోన్‌లోనైనా ఆడుతుంది.

మీ మామ