తవుడు పోసి కొనుక్కున్న పేరు

చిరంజీవి తవిటినాయుడికి,
చిన్న తాతయ్య ఆశీస్సులు.

ఆఫీసులో ఎవరో నీ పేరుకి అర్థం అడిగితే నీళ్ళు నమిలావట, మీ నాన్న చెప్పాడు. ఫోన్లో వెతికితే ‘తవిటి అంటే ధైర్యవంతుడు, అదృష్ట సంఖ్య 6’ అని వచ్చిందట కదా! నవ్వాపుకోలేకపోయాన్రా. విశాఖలో జనన మరణాల రిజిస్టర్ల ముందు 28 ఏళ్ళు కూర్చున్నవాణ్ణి, కాస్త నా మాట విను.

తవిటి అంటే తవుడే. వడ్లు దంచితే వచ్చే తవుడు. నిఘంటువు అంతకుమించి చెప్పదు.

మీ తాత, అంటే మా అన్నయ్య, పుట్టకముందు మా అమ్మకి ఇద్దరు బిడ్డలు పోయారు. మూడోవాణ్ణి చేటలో పడుకోబెట్టి గుమ్మం బయట పెట్టింది. ఎదురింటావిడ దోసెడు తవుడు పోసి బిడ్డని కొనుక్కుని తీసుకుపోయింది. కాసేపటికి తనే వచ్చి, ‘నా బిడ్డని పెంచిపెట్టమ్మా’ అని మళ్ళీ మా అమ్మ ఒళ్ళో పెట్టింది. దోసెడు తవుడుకి అమ్ముడుపోయిన బిడ్డ మీద మృత్యువు కన్ను పడదని వాళ్ళ నమ్మకం. పెంటయ్యలదీ ఇదే కథ, కాకపోతే వాళ్ళని పెంటకుప్ప మీద పడుకోబెట్టి తెచ్చుకునేవారు. అన్నయ్య 79 ఏళ్ళు బతికాడు. ఆయన పేరే నీకు పెట్టారు.

అందుకని ఎవరినీ ‘నా పేరుకి అర్థమేంటి’ అని అడక్కు. ఎవరు పెట్టారు, అంతకుముందు ఏం పేరు అనుకున్నారు, ఇంట్లో ఏమని పిలిచేవారు అని అడుగు. మనవైపు సగం పేర్లు మొక్కుబడులే. అప్పలరాజు, అప్పలనరసమ్మ అంటే సింహాచలం అప్పన్న. నూకరాజు అంటే అనకాపల్లి నూకాలమ్మ. పైడిరాజు అంటే విజయనగరం పైడితల్లి. దేవుడెవరో పేరు చూస్తేనే తెలిసిపోతుంది. ఏ కష్టానికి మొక్కారో మాత్రం ఇంట్లోవాళ్ళే చెప్పాలి. (సింహాచలం అని రాసుంటే ఆడో మగో తెలీక ఎన్నిసార్లు పక్క గడి చూసుకున్నానో!)

కాగితాలు కూడా తియ్యి, కానీ అవే వేదం అనుకోకు. 1969 చట్టం ప్రకారం పేరు లేకుండానే పుట్టుక నమోదు చేయించుకోవచ్చు. ఏడాదిలోపు ఉచితంగా, తర్వాత 15 ఏళ్ళ వరకు రుసుము కట్టి పేరు చేర్చుకోవచ్చు. అందుకే బడిలో వేసేదాకా ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్ళు బోలెడుమంది. నీ సంగతి వేరు. పుట్టినప్పుడే తవిటినాయుడు అని రాయించాం, బడిలో ఎవరో టి. నాయుడు చేసేశారు. ఇప్పుడు ఆ ‘టి’ నీ ఇంటిపేరు అనుకుంటున్నారంతా! పాస్‌పోర్టుకి పెట్టేముందు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసుకో. తర్వాత టెన్షన్ పడి లాభం లేదు.

సంక్రాంతికి వచ్చినప్పుడు భీమిలి మామ్మ దగ్గరకి వెళ్ళు. అన్నయ్యకి మా నాన్న ముందు వేరే పేరు అనుకున్నాడు, అదేంటో ఇప్పుడు ఆవిడకొక్కదానికే తెలుసు. నాకు ఎన్నడూ చెప్పలేదు, నువ్వడిగితే చెబుతుందేమో. మధ్యాహ్నం కునుకు తీసి లేచాక వెళ్ళు. మాడుగుల హల్వా పట్టుకెళ్ళు. ఎడమ చెవి వినపడదు, కుడిపక్కన కూర్చో.

ఇట్లు,
నీ చిన్న తాతయ్య