యేసు బలి అయిపోయాక ఇంకా అర్పణలు ఎందుకు? పూర్ణహృదయంతో ఆరాధించడం అంటే ఏంటి?

ఈ ప్రశ్న అడిగితే చాలామంది అబ్రాహాము, ఇస్సాకు దగ్గర మొదలుపెడతారు. నేను లేవీయకాండం దగ్గర మొదలుపెడతాను. బైబిల్ మొత్తం చదువుదామని కూర్చున్నవాళ్లు సాధారణంగా ఆగిపోయేది అక్కడే. ఆ కొవ్వు, ఆ రక్తం, ఆ బూడిద ఇప్పుడు మనకెందుకులే అని పేజీలు తిప్పేస్తారు. నాకైతే ఆరాధన అంటే ఏంటో ఆ పుస్తకంలోనే తెలిసింది.

మొదటి ఏడు అధ్యాయాల్లో ఐదు రకాల అర్పణలు ఉన్నాయి. సమాధానబలి ఇస్తే యాజకుడి వంతు పోను మిగిలిన మాంసం తెచ్చినవాళ్లే కూర్చుని తింటారు. నైవేద్యంలో ఒక చేరెడు పిండి, సాంబ్రాణి అంతా నిప్పుల మీద వేసి, మిగిలిన పిండి యాజకులకు ఇస్తారు. పాపానికి, అపరాధానికి ఇచ్చే బలుల్లో కూడా చాలావాటిలో యాజకులకు వంతు ఉంటుంది. దహనబలి దారి వేరు. తోలు ఒక్కటి యాజకుడికి పోతుంది, మిగిలిందంతా బలిపీఠం మీద కాలిపోతుంది. తెచ్చినవాడికి ఒక్క ముక్క తిరిగి రాదు. అది లోపం లేని మగ జంతువు అయి ఉండాలి. తెచ్చినవాడే దాని తలమీద చెయ్యి పెట్టాలి, తానే కొయ్యాలి. మందలో పుట్టి, తన కళ్లముందు పెరిగినదాన్ని.

నా లెక్క ప్రకారం ఐదింట్లో దహనబలే అసలైనది. పూర్ణహృదయం అంటే ఇచ్చినదాన్ని పూర్తిగా వదిలెయ్యడం. ఇది పుస్తకాల్లో చదవకముందే మా ఇంట్లో చూశాను.

మాది కల్వకుర్తి వైపు పల్లె. పాలమూరులో ఎం.బి. చర్చిలు, అంటే మెన్నోనైట్ బ్రెదరిన్ సంఘాలు, మా తాతల కాలం నుంచి ఉన్నాయి. వానాకాలం పంట ఇంటికొచ్చాక కోత పండుగ చేస్తారు. వడ్లు, కందులు, పల్లికాయ, గుమ్మడికాయలు, కోళ్లు, ఎవరికి ఏది పండితే అది తెచ్చి ముందు పెడతారు. ఆరాధన అయిపోయాక బయట చెట్టు కింద హర్రాజు, అంటే వేలంపాట. ఆ పైసలతో మందిరం పనులు నడుస్తాయి.

ఒక ఏడు నాయన బొంబాయిలో మట్టిపనికి పోయి పచ్చకామెర్లతో తిరిగొచ్చాడు. మంచం దిగలేని స్థితి. ఆయన లేచి తిరిగితే ఇంట్లో ఉన్న పోతుపిల్లను కోత పండుగకు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. ఇంట్లో ఉన్నది ఆ ఒక్క మేకపిల్లే. నల్లటిది, ఎడమ చెవి కొస మాత్రం తెలుపు. నా వెంట బడి గేటు దాకా వచ్చి, నేను లోపలికి పోయినా అక్కడే నిలబడి అరిచేది. నాయన లేచాడు. పండుగనాడు అమ్మ దాని గిట్టలు కడిగి, పాత తాడు విప్పేసి కొత్తది కట్టింది. ఇవ్వబోయేదానికి కొత్త తాడు ఎందుకని నాకు కోపం వచ్చింది.

హర్రాజులో పాట ఏడు వందలు దాటింది. నేను నాయన చొక్కా పట్టుకుని గుంజుతున్నాను. మా దగ్గర ఇచ్చినవాళ్లే మళ్లీ పాటపాడి తెచ్చుకోవడం మామూలే, ఎవరూ తప్పు పట్టరు. నాయన చెయ్యి లేపబోయాడు. అమ్మ ఆయన మణికట్టు పట్టుకుని కిందికి గుంజింది.

"పైసలు వెట్టే గదా తెస్తున్న, ఉట్టిగ తెస్తున్ననా?" అన్నాడు నాయన.

"ఇచ్చినంక అది మనదెట్లయితది? పైసలైతేంది, పానమైతేంది?" అంది అమ్మ.

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అయిపోయింది. పక్కూరాయన దాన్ని భుజాన వేసుకుని పోయాడు. నేను ఏడుస్తుంటే అమ్మ ఊరుకోబెట్టలేదు, ఏడవనిచ్చింది. ఇంటికొచ్చి పాత తాడు తీసుకుని బాయికాడి చేదకు కట్టింది.

డిగ్రీ రోజుల్లో లేవీయకాండం 27వ అధ్యాయం చదువుతుంటే అమ్మ గుర్తొచ్చింది. యెహోవాకు మొక్కుకున్న బలిపశువును మార్చకూడదు, మంచిదానికి చెడ్డదాన్ని గానీ చెడ్డదానికి మంచిదాన్ని గానీ పెట్టకూడదు, అలా మారిస్తే రెండూ దేవునివే అవుతాయని అక్కడ ఉంది. బలికి పనికిరాని అపవిత్ర జంతువునైతే విలువకు అయిదో వంతు కలిపి విడిపించుకోవచ్చు. అమ్మకు అక్షరం రాదు. ఆ అధ్యాయం మీద ఏ అయ్యగారూ ప్రసంగం చెయ్యగా నేను వినలేదు. అయినా ఆమెకు తెలుసు.

ఇప్పటి కోత పండుగలు చూస్తే మనసు కష్టంగా ఉంటుంది. గుమ్మడికాయ పాట ఐదు వేలకు పోతుంది, కాయ మీద ప్రేమతో కాదు, మైకులో పేరు వినబడాలని. కూలిపని చేసుకునే ఆమె ఇంట్లో వండినప్పుడల్లా పిడికెడు బియ్యం తీసి కుండలో వేసి, నెల తిరిగేసరికి సంచిలో తెస్తుంది. ఆమె పేరు ఎవరూ చదవరు. అపొస్తలుల కార్యములు 5లో పొలం అమ్మి డబ్బు తెచ్చిన అననీయ, సప్పీరా దంపతుల కథలో పేతురు ఏమన్నాడు? అమ్మకముందు ఆ పొలం నీదే, అమ్మాక ఆ డబ్బు కూడా నీ వశంలోనే ఉంది కదా అన్నాడు. సగం ఇచ్చినా అడిగేవాడు లేడు. కొంత దాచుకుని మొత్తం ఇచ్చినట్టు నిలబడటమే వాళ్లు చేసిన నేరం.

ఇక మీ ప్రశ్నలోని మొదటి సగం. క్రైస్తవులకు జంతుబలి లేదు. క్రీస్తు ఒక్కసారే తన్ను తాను అర్పించుకున్నాడు, ఇక పాపాల కోసం వేరే బలి అక్కర్లేదని హెబ్రీ పత్రిక 10వ అధ్యాయం తేల్చి చెప్పింది. క్రీ.శ. 70లో రోమన్లు యెరూషలేము దేవాలయాన్ని కూల్చాక యూదులకూ ఆ బలిపీఠం లేకుండా పోయింది. మా ఆవిడది నల్లగొండ, కథోలిక కుటుంబం. వాళ్లు పూజనే దివ్యబలి అంటారు. అది కొత్త బలి కాదు, సిలువమీది ఆ ఒక్క బలే మన ముందుకు వస్తుందని వాళ్ల బోధ. దీని మీద మా ఇంట్లో వాదన తెగదు. కానీ ఆమె మోకరించే తీరు చూశాక ఆమె ఆరాధనను తక్కువ చేసి మాట్లాడే ధైర్యం నాకు లేదు.

బలి అయిపోయింది సరే, మరి మనం ఇచ్చేదేంటి? రోమా 12లో పౌలు మీ శరీరాలనే సజీవయాగంగా ఇవ్వమన్నాడు. అంటే పొద్దున లేచి చేసే పని, నోటి మాట, కాళ్లు నడిచే దారి, అన్నీ. మార్కు 12లో ఒక శాస్త్రి, అంటే ధర్మశాస్త్రం బోధించేవాడు, యేసుతో, పూర్ణహృదయంతో దేవుణ్ణి ప్రేమించడం, పొరుగువాణ్ణి తనలా ప్రేమించడం దహనబలులన్నిటికంటే ఎక్కువ అన్నాడు. నువ్వు దేవుని రాజ్యానికి దూరంగా లేవని యేసు ఆయనకు చెప్పాడు. దహనబలిని, పూర్ణహృదయాన్ని పక్కపక్కన పెట్టి కొలిచిన మాట అది.

ఇవ్వడం అన్న మాట పట్టుకుని వెయ్యి విత్తితే లక్ష వస్తుందని యూట్యూబులో చెప్పేవాళ్లంటే నాకు ఒళ్లు మండుతుంది. తిరిగి వస్తుందని ఇచ్చేది అప్పు, అర్పణ కాదు. రోజుకూలీ ఇంటికి దశమభాగం, అంటే ఆదాయంలో పదో వంతు, లెక్క పంపే పెద్దలు కూడా లేవీయకాండం 5వ అధ్యాయం చదవాలి. గొర్రె తేలేనివాడు రెండు గువ్వలు తేవచ్చు, అవీ లేకపోతే కాస్త పిండి చాలన్నాడు దేవుడు. యేసు పుట్టాక మరియ, యోసేపులు తెచ్చింది కూడా అలాంటి పేదల అర్పణే.

పూర్ణహృదయానికి నేను చూసే గుర్తు ఇంకొకటి మత్తయి 5లో ఉంది. బలిపీఠం దగ్గర నీ మీద నీ సహోదరునికి ఏదైనా విరోధం ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్లి సమాధానపడి రమ్మన్నాడు యేసు. మా మండలంలో పొలం గెట్టు (హద్దు) పంచాయితీ పెట్టుకుని ఏళ్లుగా మాట్లాడుకోని అన్నదమ్ములు ఒకే మందిరంలో చెరో మూలన కూర్చుని, చెరో వడ్ల బస్తా ఇచ్చి పోతున్నారు. సంఘ పెద్దలు ఆ బస్తాలు అలాగే గడపలో ఉంచి, ముందు వాళ్లిద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడించాలి. హర్రాజు ఆ తర్వాత పెట్టుకోవచ్చు.