మీ ప్రశ్నలకు జవాబులు: ఫ్రాన్సు పల్లెలో నాలుగు రోజులు

ప్రశ్న: మా అబ్బాయి టూలూజ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. వచ్చే సెప్టెంబరులో నేనూ మా ఆవిడా వాడి దగ్గరకు వెళ్తున్నాము. పారిస్ కిందటిసారే చూశాము కనుక ఈసారి ప్రశాంతమైన ఒక పల్లెలో నాలుగు రోజులు గడపాలని ఉంది. మేము శాకాహారులం, ఫ్రెంచి రాదు. ఏ ఊరికి వెళ్తే బాగుంటుందో తెలియజేయగలరు.
– విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి

జవాబు: మీరు దిగేది టూలూజ్‌లోనే కాబట్టి, అక్కడికి కారులో సుమారు రెండున్నర గంటల దూరంలో, ఆవేరోన్ ప్రాంతంలో ఉన్న కోంక్ గ్రామానికి వెళ్లమని నా సలహా. లోయ అంచున, ఏటవాలు కొండమీద, పలకరాతి కప్పులతో ఒకదాని వెనుక ఒకటిగా నిలిచిన పాత ఇళ్లు, వాటి నడుమ 11, 12 శతాబ్దాలలో కట్టిన సెంత్ ఫ్వా చర్చి, ఇంతే ఆ ఊరు. లె ప్వీ పట్టణం నుంచి స్పెయిన్‌లోని సాంటియాగో వరకు క్రైస్తవ యాత్రికులు కాలినడకన వెళ్లే బాట ఈ ఊరి గుండానే పోతుంది. వీపున సంచులతో, చేతికర్రలతో వచ్చే యాత్రికులను మీరు ఇప్పటికీ చూస్తారు.

అయితే ఒక మాట ముందే చెప్పాలి. పగటివేళ కోంక్ అంత ప్రశాంతంగా ఉండదు. బస్సులలో వచ్చినవారు ఫొటోలు తీసుకుని సాయంత్రానికి వెళ్లిపోతారు. ఆ తరువాతే అది మళ్లీ పల్లె అవుతుంది. అందుకే దగ్గరి పట్టణమైన రొదెజ్‌లో గది తీసుకుని పగలు వచ్చిపోవడం కాక, ఖర్చు కొంచెం ఎక్కువైనా ఊరిలోనే బస చేయండి. ఇలాంటి చోట్ల కొందరు తమ ఇంట్లోనే గదులు అద్దెకిచ్చి, ఉదయం ఫలహారం కూడా పెడతారు. ఒక్కో ఇంట్లో ఐదు గదులకు మించి ఇవ్వకూడదని అక్కడి నిబంధన. గదులు తక్కువ కనుక ఇప్పుడే మాట్లాడుకోవడం మంచిది.

చర్చి పడమటి ద్వారం ముందు తొందరపడకుండా ఒక పూట గడపండి. ద్వారం పైనున్న అర్ధవృత్తంలో అంతిమ తీర్పు దృశ్యాన్ని 124 రూపాలతో చెక్కారు. క్రీస్తుకు కుడివైపున పుణ్యాత్ములు బారులు తీరి ఉంటే, ఎడమవైపు నరకంలో మెడకు డబ్బుసంచి తగిలించి ఉన్న పిసినారి వేలాడుతుంటాడు. పాత రంగుల ఆనవాళ్లు ఇప్పటికీ కొన్నిచోట్ల కనబడతాయి. అన్నిటికంటే నాకు ఇష్టమైనవి, ఆ అర్ధవృత్తపు అంచు వెంట రాతిపట్టీ వెనుక నుంచి వేళ్లతో దానిని పట్టుకుని తొంగిచూసే చిన్న చిన్న ముఖాలు. చాలామంది వాటిని గమనించకుండానే లోపలికి వెళ్లిపోతారు.

లోపలి కిటికీలకు రొదెజ్‌లో పుట్టిన చిత్రకారుడు పియేర్ సూలాజ్ రూపకల్పన చేశాడు. 1994లో ఆ పని పూర్తయింది. రంగులూ బొమ్మలూ లేని, వెలుతురును పూర్తిగా ఆపని, పూర్తిగా వదలని గాజు అది. వేళను బట్టి ఒకసారి నీలి ఛాయ, మరోసారి పసుపు ఛాయ తోస్తుంది. ఉదయం ఒకసారి, పొద్దు వాలేటప్పుడు ఒకసారి వెళ్తేనే ఆ తేడా తెలుస్తుంది. ఊరిలో బస చేయమనడానికి ఇది కూడా ఒక కారణం.

భోజనం విషయంలో కొంత శ్రద్ధ అవసరం. మధ్యాహ్నం 12 నుంచి 2 వరకు, రాత్రి ఏడున్నర నుంచి మాత్రమే వంటశాలలు తెరిచి ఉంటాయి. మూడు గంటలకు ఆకలి వేస్తే దొరికేది తక్కువ. ఉడికించిన బంగాళాదుంపలలో పచ్చి చీజ్, వెన్న, వెల్లుల్లి వేసి తీగలు సాగేదాకా కలిపే ఆలిగో అక్కడి ప్రసిద్ధ వంటకం. దానితో సాధారణంగా మాంసపు సాసేజ్ వడ్డిస్తారు కనుక అది వద్దని ముందే చెప్పాలి. మీ నియమం కఠినమైనదైతే ఇంకొకటి కూడా తెలుసుకోవాలి: సంప్రదాయ చీజులను చాలావరకు దూడ పొట్ట నుంచి తీసిన పదార్థంతో తోడు పెడతారు, సూపులలో మాంసపు నీరు ఉండవచ్చు. ఈ సంగతులన్నీ మీ అబ్బాయి చేత ఫ్రెంచిలో ఒక కాగితం మీద రాయించుకుని దగ్గర పెట్టుకోండి. ఆదివారం మధ్యాహ్నం, సోమవారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కాబట్టి పళ్లు, రొట్టె శనివారమే కొనుక్కోవాలి.

ప్రశ్న: ఫ్రాన్సులో చిన్న ఊళ్లవారు విదేశీయులతో ముభావంగా ఉంటారని మా బంధువులు చెప్పారు. నిజమేనా?
– గృహిణి, వరంగల్

జవాబు: మీ బంధువులు బహుశా దుకాణంలోకి అడుగుపెట్టగానే వస్తువు ధర అడిగి ఉంటారు. అక్కడ ముందు ‘బోంజూర్’ అని పలకరించి, ఆ తరువాతే పని మాట్లాడాలి. రొట్టెల కొట్టులో వరుసలో నిలబడినా, సందులో ముసలివారు ఎదురైనా ఇదే మర్యాద. బయటికి వచ్చేటప్పుడు ‘మెర్సీ, ఓ రెవ్వార్’ అనాలి. ఈ పలకరింపును వాళ్లు మనం అనుకునేదానికంటే ఎంతో ముఖ్యంగా చూస్తారు. అది మానేసినవారిని అమర్యాదస్తులని అనుకుంటారు, పాటించినవారికి భాష రాకపోయినా ఓపికగా సైగలతో దారి చూపుతారు.

ఇళ్ల కిటికీలలోకి కెమెరా పెట్టకండి, రాత్రి పది దాటాక వీధిలో గట్టిగా మాట్లాడకండి. పొలాల మధ్య కాలిబాటలో గేటు అడ్డువస్తే, తెరిచి దాటిన తరువాత మళ్లీ గొళ్లెం పెట్టండి. లోపల ఆవులు మేస్తుంటాయి.