తమ్ముడూ, ఇన్ని నౌన్లెందుకు?

తమ్ముడూ,

నీ ఇంగ్లీషు కథ చదివాను. పాత్రలు బాగున్నాయి, మాటలు బాగున్నాయి, వాక్యాలే ఎక్కడికక్కడ ఆగిపోతున్నాయి. ఎందుకా అని చూస్తే ప్రతి వాక్యంలోనూ ఓ బరువైన నౌన్ తిష్ఠ వేసుంది. ‘దేర్ వాజ్ ఎ సడన్ హెజిటేషన్ ఇన్ హర్’ అని రాశావు చూడు, ‘షి హెజిటేటెడ్’ అంటే అయిపోయేది కదా! పని చేస్తున్న వెర్బ్‌ని తీసుకెళ్ళి నౌన్ చేశావు, దాంతో వాక్యంలో వెర్బ్ లేకుండా పోయింది, ఆ ఖాళీలోకి ఏ పనీ చేయని ‘వాజ్’ని తెచ్చిపెట్టావు. ‘మేడ్ ఎ డెసిషన్’, ‘గేవ్ ఎన్ ఎక్స్‌ప్లనేషన్’, అన్నీ ఇదే తంతు. నౌన్ పెద్దదైతే వాక్యానికి పెద్దరికం వస్తుందని కొత్తగా రాసేవాళ్ళకి ఎందుకో గట్టి నమ్మకం.

నౌన్లు కట్టొద్దని కాదు, కట్టే తీరు తెలియాలి. అడ్జెక్టివ్ చివర ‘నెస్’ చేర్చడం అన్నిటికన్నా సులువు. అది పాత ఇంగ్లీషు నుంచీ ఉన్న సొంత ప్రత్యయం, కైండ్‌నెస్, డార్క్‌నెస్ అంటూ దాదాపు దేనికైనా అతుకుతుంది. లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా వచ్చిన ‘ఇటీ’ మాత్రం ఊరికే అతకదు, మాటనే కదిలిస్తుంది: యాక్టివ్‌లో మొదట్లో ఉన్న ఊనిక, అంటే నొక్కి పలికే చోటు, యాక్టివిటీలో రెండో అక్షరం మీదికి జరుగుతుంది, ఎలక్ట్రిక్ చివరి ‘క’ ఎలక్ట్రిసిటీలో ‘స’ అవుతుంది, జెనరస్‌ని జెనరాసిటీ చేస్తే స్పెల్లింగులో ఒక ‘యు’ ఎగిరిపోతుంది. స్ట్రెంత్, విడ్త్, డెప్త్ బాపతు బట్టీ పట్టాల్సిందే. వెర్బుల సంగతికొస్తే అరైవ్‌కి అరైవల్, మూవ్‌కి మూవ్‌మెంట్, మెయింటెయిన్‌కి మెయింటెనెన్స్... రూల్ కోసం వెతకడం కంటే డిక్షనరీ తీయడం నయం.

మొదలు కూడా మారే మాటలు కొన్నున్నాయి, అక్కడ జాగ్రత్త. అనేబుల్ నౌన్ అయితే ఇనెబిలిటీ, అన్‌స్టేబుల్ అయితే ఇన్‌స్టెబిలిటీ, అన్‌జస్ట్ అయితే ఇన్‌జస్టిస్. లాటిన్ తోక తగిలాక ముందు కూడా లాటిన్ ‘ఇన్’ కావాలంటాయి ఇవి. అన్‌హ్యాపీకి ఆ గొడవ లేదు, అన్‌హ్యాపీనెస్సే.

అసలు చిక్కు వేరే ఉంది. వెర్బ్ నౌన్ అయ్యేసరికి పక్కనున్న ప్రిపోజిషన్ లెక్క మారిపోతుంది. నువ్వు ‘దే డిస్కస్డ్ అబౌట్ ది ప్లాన్’ అన్నావు. వెర్బ్‌కి ఆ ‘అబౌట్’ అక్కర్లేదు, నౌన్‌కే కావాలి, ‘ఎ డిస్కషన్ అబౌట్ ది ప్లాన్’. ‘డిమాండెడ్ ఎన్ ఆన్సర్’ సరే, నౌన్ అయితే ‘ఎ డిమాండ్ ఫర్ ఎన్ ఆన్సర్’. ఎంఫసైజ్‌కి ఏమీ వద్దు, ఎంఫసిస్‌కి ‘ఆన్’ ఉండాలి. అందుకే నోట్‌బుక్‌లో ఒట్టి ‘ఎంఫసిస్’ అని రాసుకోకు, ‘ఎంఫసిస్ ఆన్’ అని జంటగా రాసుకో. ఇంకోటి, అడ్వైజ్ నౌన్ అయితే అడ్వైస్, దానికి బహువచనం లేదు. నీ కథలో ముసలాయన ‘మెనీ అడ్వైసెస్’ ఇచ్చాడు, వాటిని ‘ఎ లాట్ ఆఫ్ అడ్వైస్’ చెయ్యి.

మరి నౌన్ ఎప్పుడు వాడాలంటావా? పై వాక్యంలో జరిగినదాన్ని అందుకుని ముందుకెళ్ళాలంటే దానికి మించింది లేదు: ‘షి రిఫ్యూజ్డ్ టు సైన్. ది రిఫ్యూజల్ కాస్ట్ హర్ ది జాబ్.’ చేసినవాడి పేరు దాచడానికి కూడా నౌన్ భలే పనికొస్తుంది, ‘ఎ డెసిషన్ వాజ్ మేడ్’ అంటే ఎవరు చేశారో ఎవడికి తెలుసు? నీ కథలో మేనేజర్ ఇలాగే మాట్లాడాలి, ఆ నౌన్లన్నీ ఆయన నోట్లో పెట్టు, ఆ అమ్మాయి దగ్గర్నుంచి తీసెయ్యి.

ముందు రెండో పేజీ ఒక్కటీ పట్టుకుని ‘షన్’, ‘మెంట్’, ‘నెస్’ తోకలన్నిటి కిందా గీతలు గియ్యి, వెర్బ్‌గా మార్చగలిగినవి మార్చి పంపు. టెన్షన్ పడి కథంతా ఒకేసారి తిరగరాయకు.

అన్నయ్య