డీజిల్ పొగ మీద ప్రాజెక్టు... చేరనివ్వొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి కెమిస్ట్రీలో పీజీ చేస్తోంది. డీజిల్, బయోడీజిల్ ఇంజిన్ల పొగను శుభ్రం చేసే కేటలిస్టులను పరీక్షించే ప్రాజెక్టులో చేరతానంటోంది. అది మెకానికల్ వాళ్ల పని కదా? ఎలక్ట్రిక్ బళ్లు వచ్చేస్తుంటే ఇప్పుడు డీజిల్ వెంట పడటమేంటి?
- ఒక తండ్రి

జవాబు: చేరనివ్వండి. ఇంజిన్ మెకానికల్ వాళ్లదే గానీ, పొగ కేటలిస్టులోకి, అంటే రసాయన చర్యను వేగంగా జరిపించే పదార్థంలోకి, వెళ్లాక జరిగేదంతా కెమిస్ట్రీనే. కార్బన్ మోనాక్సైడును, కాలకుండా మిగిలిన ఇంధనాన్ని ప్లాటినం, పల్లాడియం పూత ఆక్సీకరిస్తుంది. మొండిఘటాలు నైట్రోజన్ ఆక్సైడ్లు. డీజిల్ పొగలో ఆక్సిజన్ బాగా మిగిలి ఉంటుంది కాబట్టి పెట్రోలు కార్ల త్రీవే కేటలిస్టు వాటిని ఏమీ చేయలేదు. అందుకని 32.5 శాతం యూరియా ద్రావణాన్ని పొగలోకి చిమ్మి, దాన్నుంచి వచ్చే అమ్మోనియాతో, మరో రకం కేటలిస్టు మీద, వాటిని నైట్రోజన్‌గా, నీటి ఆవిరిగా మారుస్తారు.

మొదట్లో మీ అమ్మాయి చేతికి ఇంజిన్ రాదు. కేటలిస్టు పూత వేసిన, తేనెపట్టులా సన్నటి రంధ్రాలున్న సెరామిక్ దిమ్మలోంచి బొటనవేలంత ముక్క తీసి, క్వార్ట్జ్ గొట్టంలో బిగించి, సిలిండర్ల గ్యాసులతో కలిపిన కృత్రిమ పొగను దాని గుండా పంపుతారు. వేడి మెల్లగా పెంచుతూ, ఏ ఉష్ణోగ్రత దగ్గర సగం కాలుష్యం మాయమైందో చూస్తారు. దాన్ని టీ50 అంటారు. కొత్త ముక్క మంచి అంకె ఇచ్చిందని సంబరపడటానికి లేదు. అదే ముక్కను నీటి ఆవిరి కలిసిన గాలిలో 700, 800 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి, ముసలిదాన్ని చేసి మళ్లీ కొలుస్తారు. అసలు పరీక్ష అదే. గ్రాఫు జారిపోతే విసుక్కోకుండా, ఎందుకు జారిందో తవ్వే ఓపిక ఉన్నవాళ్లే ఇందులో రాణిస్తారని నా నమ్మకం.

బయోడీజిల్‌తో చిక్కు మరోరకం. గంధకం బెడద తక్కువ, ఫిల్టరులో చేరే మసి కూడా కాస్త తక్కువ వేడికే కాలిపోతుంది. కానీ నూనెను బయోడీజిల్‌గా మార్చేటప్పుడు వాడిన సోడియం, పొటాషియం ఆనవాళ్లు ఇంధనంలో మిగిలితే, కేటలిస్టు మీద అమ్మోనియా అతుక్కోవాల్సిన ఆమ్ల స్థానాలను అవి ఆక్రమించేస్తాయి. డీజిల్‌తో నెగ్గిన కేటలిస్టును బయోడీజిల్‌తో మళ్లీ మొదటినుంచీ పరీక్షించాల్సిందే.

భవిష్యత్తంటారా, కార్ల విషయంలో మీ భయం సబబే. లారీలు, ట్రాక్టర్లు, ఓడలు, జనరేటర్లు మాత్రం అంత తొందరగా బ్యాటరీకి మారవు. హైడ్రోజన్‌ను కాల్చి నడిపే ఇంజిన్‌లోనూ గాలిలోని నైట్రోజన్ వల్ల ఇవే ఆక్సైడ్లు పుడతాయి. అక్కడా ఈ పనే కావాలి.

ఒక్క విషయం మాత్రం ముందే కనుక్కోమనండి. ల్యాబులో సొంత రియాక్టరు, గ్యాస్ ఎనలైజరు ఉన్నాయా, వాటి మీద తననే పనిచేయనిస్తారా? శాంపిళ్లు బయటికి పంపి రిపోర్టులు తెప్పించుకునే చోటైతే వేరే ల్యాబు చూసుకోవడం మేలు. కార్బన్ మోనాక్సైడ్ సిలిండర్ల మధ్య పని కాబట్టి, ఆ గదిలో గ్యాస్ అలారం పనిచేస్తోందో లేదో కూడా చూసి రమ్మనండి.