ఫ్రీజర్‌లో గడ్డకట్టిన కణజాలం ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు పనికి వస్తుందా?

రాయగడలో మీ కళాశాల ఫ్రీజర్‌లో మైనస్ 20 డిగ్రీల వద్ద దాచిన మేక కాలేయం గురించి అడిగారు. చూడవచ్చు గాని, నెమ్మదిగా గడ్డకట్టేటప్పుడు పెరిగిన మంచు స్ఫటికాలు కణపొరలను చీల్చివేసి ఉంటాయి కనుక, చిత్రంలో ఎక్కువగా చిల్లులే కనిపిస్తాయి. ముక్క కరిగాక చుట్టూ ఊరే ఎర్రటి నీరు చాలావరకు ఆ చీలికల ఫలితమే.

ఉన్నదానితోనే పని జరగాలంటే, కరగకముందే ఒక మిల్లీమీటరు ముక్కలుగా కోసి, బఫర్‌లో (ఆమ్లత మారకుండా నిలిపే ద్రావణం) కలిపిన 2.5 శాతం గ్లూటరాల్డిహైడ్‌లో (కణజాలాన్ని ఉన్న రూపంలోనే నిలిపే రసాయనం) నేరుగా వేసి, 4 డిగ్రీల వద్ద ఉంచండి. ఆపైన ఆస్మియం టెట్రాక్సైడ్‌తో కణపొరలను నిలపడం, ఆల్కహాల్‌తో నీటిని తీయడం, రెజిన్‌లో గట్టిపరచడం అనే దశలు మామూలే. మంచు స్ఫటికాలు పెరగకుండా, సుమారు 2,100 బార్ల పీడనం కింద మిల్లీసెకన్లలో గడ్డకట్టించే యంత్రాలున్నా, అవి దాదాపు 0.2 మిల్లీమీటర్ల మందం వరకే పనిచేస్తాయి. నా మట్టుకు, తాజా కాలేయాన్ని కోసిన వెంటనే గ్లూటరాల్డిహైడ్‌లో వేయడమే మేలు.